ఎనిమిది కానివ్వని అంబిక

మా అన్న మునెప్ప కూతురు అంబిక కుప్పంలో కుట్టుమిషను పెట్టుకుని బతికిన పిల్ల. దాని నోరు ఊరికంతా తెలుసు. ఇరవై ఆరేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదని చుట్టాలందరూ దిగులుపడ్డారే గానీ అది పడలేదు. వచ్చిన ప్రతి సంబంధానికీ ఏదో ఒక వంక పెట్టింది. ఒకడు కాఫీ జుర్రుతున్నాడంది. ఇంకొకడికి నవ్వడమే రాదంది.

అలాంటి సమయంలో, తొంభై ఆరులో, పుంగనూరు నుంచి సిద్దప్ప చూడటానికొచ్చాడు. బస్టాండు దగ్గర వాచీలు రిపేరు చేసే అంగడి ఆయనది. జుట్టు అప్పటికే పలచబడింది. మా వదిన వాళ్ళన్న పెద్దన్న మీసం దువ్వుకుంటూ, "పిల్ల ఒక పాట పాడితే బాగుంటాది" అన్నాడు. పాటట. నాకు ఒళ్ళు మండింది. నేను నోరు తెరిచేలోపే సిద్దప్ప, "ఆయమ్మ యాల పాడల్ల? సూసేదానికొచ్చింది నేను, నేనే పాడతా" అని గొంతు సవరించుకున్నాడు. దేవుడా, ఎంత దరిద్రంగా పాడాడో చెప్పలేను. లోపలి గదిలో అంబిక కడుపు పట్టుకుని నవ్వింది. వాళ్ళు అటు పోగానే నాతో, "అత్తా, చేసుకుంటే ఈయప్పనే" అంది.

కుప్పంలోనే సత్రంలో పెళ్ళి. ముహూర్తం పొద్దున తొమ్మిదికి. అంతా కుదిరాక అయ్యోరు మళ్ళీ పంచాంగం తిరగేసి, తొమ్మిదికి వర్జ్యం తగులుతోంది, ఎనిమిదికే తాళి పడాలన్నాడు. మా అన్న ఎస్టీడీ బూతుకు పోయి, పుంగనూరులో సిద్దప్ప అంగడి పక్కనుండే బూతుకు ఫోన్ కొట్టాడు. నేను పక్కనే నిలబడి విన్నాను.

"సిద్దప్పా, ముహూర్తం గంట ముందుకు జరిపినాం. తెలిసిందా?"

"తెలిసింది మామా. గంట ముందుకు."

మీటరు తిరుగుతోందని మా అన్న ఠక్కున పెట్టేశాడు. కొంప మునిగింది అక్కడే. మనకైతే గంట ముందుకు జరిపితే తొమ్మిది ఎనిమిదవుతుంది. పొద్దున లేస్తే గడియారం ముల్లు తిప్పే మనిషికి? ముల్లును గంట ముందుకు జరిపితే తొమ్మిది పదవుతుంది. ముందు జరిగిందంటే అయిపోయిందని, ముందు ముందు జరుగుతుందంటే ఇంకా కాలేదని. మన పెద్దలు ఈ ఒక్క మాటకు రెండు దిక్కులూ ఇచ్చి పోయారు. ఇలాంటి భాష పెట్టుకుని మనం బస్సులు ఎలా ఎక్కుతున్నామో నాకు తెలియదు.

మగపెళ్ళివాళ్ళు పిడికెడుమంది. తెల్లవారాక వ్యానులో వస్తామన్నారు. పెళ్ళిరోజు ఏడున్నర దాటినా జాడ లేదు. ఫోన్ చేస్తే పుంగనూరు బూతులో ఆయమ్మ, "ఇంతకుముందే పోయినారు కదన్నా. పదికి కదా ముహూర్తం?" అంది. మా అన్న రిసీవరు పెట్టేసి సత్రానికి పరుగెత్తుకొచ్చాడు.

సంగతి తెలిసి పెద్దన్న లేచాడు. "లగ్నం పోగొట్టుకుంటే పిల్ల బతుకేమైతాది? మా వినోద్ ఉండాడు కదా. మేనమామ కొడుకు, పరాయోడు కాదు. వాడితో కట్టించేద్దాం." వినోద్ అప్పటికే దువ్వెన పట్టుకుని అద్దం ముందున్నాడు. మా వదిన ఏడుస్తూ తలూపింది. మా అన్న నేల చూపులు చూశాడు. ఉన్నవాళ్ళంతా అదే మేలన్నారు.

అంబిక నా చేయి పట్టుకుంది. "అత్తా, వాడి పక్కన నేను కూసోను." ఆ పిల్ల భయపడగా చూడటం నాకదే మొదలు.

"కూసోవద్దులే. గానీ ఎనిమిది కొడితే ఈళ్ళు నా మాట వింటారా?" అన్నాను.

అది సత్రం గోడకున్న గడియారం వైపు చూసింది. మరుక్షణం పట్టుచీర ఎగ్గట్టి, వంటవాళ్ళ స్టూలు లాక్కుని, జడగంటలు ఊగుతుండగా ఎక్కేసింది. అద్దం తెరిచి, పెద్దముల్లును వెనక్కి ఒక చుట్టు తిప్పింది.

"ఎనిమిదికి కదా తాళి? ఇంకా ఏడే కాలేదు. అందురూ టిఫిన్ తినండి" అంది స్టూలు మీద నుంచే.

పెద్దన్న చేతి వాచీ చూపించి గొంతు చించుకున్నాడు.

"నీ వాచీలో నీ కొడుక్కు చేసుకో మామా. నా పెళ్ళి ఈ గడియారంలో."

అందరూ అయ్యోరి వైపు తిరిగారు. పొద్దునే పెద్దన్న ఆయన మంత్రాల్లో తప్పులు పట్టాడు, ఆ మంట ఇంకా చల్లారలేదు. ఆయన గోడకేసి తీరిగ్గా చూసి, "లగ్నం ఇంకా రాలేదప్పా. నాకు కాఫీ తెప్పించండి" అన్నాడు.

అందరి ఇడ్లీలు అయ్యేసరికి వ్యాను వచ్చింది. సిద్దప్ప దిగీ దిగగానే, "సూసినావా మామా, గంట ముందే వచ్చేసినాం" అన్నాడు గర్వంగా. మా అన్న చేయి పట్టి లాక్కెళ్ళి పీట మీద కూర్చోబెట్టాడు. గండం గడిచిందనుకున్నాను.

అయ్యోరు మాంగల్యం చేతికిచ్చాడు. సిద్దప్ప తలెత్తాడు. గోడ గడియారం చూశాడు, తన మణికట్టు చూసుకున్నాడు.

"ఈ గడియారం గంట ఎనక్కుండాదే. ఉండండి, సరిచేసి వస్తా" అని లేచాడు.

పెద్దన్న మొహం వెలిగింది. అంబిక సిద్దప్ప పంచె పట్టుకుని ఒక్క గుంజు గుంజి కూర్చోబెట్టింది.

"ముందు తాళి కట్టప్పా."

ఈసారి ఆ మాట ఆయనకు సరిగ్గానే అర్థమైంది.

ఆయన వాచీలో అప్పుడు తొమ్మిది. వర్జ్యమో గిర్జ్యమో, ఎవరికి కావాలి? వెంట్రుకంత స్ప్రింగులు పట్టుకునే వేళ్ళు పసుపుతాడుతో తడబడ్డాయి. ఒక ముడి పడింది. రెండోది పడింది. మేళం చెవులు పగలగొడుతోంది. అంబిక తల వంచుకునే ఉంది, పిడికిట్లో ఆ పంచె అంచు మాత్రం వదల్లేదు. మూడో ముడి పడ్డాక వదిలింది. అప్పుడు ఏడ్చింది.