పొయ్యిలోకి పోని దర్వాజ

ఖర నామ సంవత్సరపు భాద్రపదం ముగిసి ఆశ్వయుజం అడుగుపెట్టే వేళ, తెలంగాణ కోసం సకల జనులూ సమ్మె కట్టగా బస్సులు డిపోల్లో నిద్రపోయి, బడులకు తాళాలు పడి, కచేరీల్లో కాగితాలు దుమ్ము కప్పుకొని, జగిత్యాల నుంచి సిరిసిల్ల దాకా ప్రతి కూడలిలోనూ ఒక గుడారమూ ఒక మైకూ మొలిచిన ఆ దినాల్లో, అంతకు నలభై రెండేళ్ళ కిందట అదే నినాదాన్ని పదహారేళ్ళ గొంతుతో అరిచి వీపున లాఠీదెబ్బ తిన్న మేడిపల్లి భీమయ్య, కోరుట్లలో జగిత్యాల బాట పక్కన తన రేకుల పందిరి కింద కూర్చొని, చిత్రిక పట్టే రందా నోట చిక్కిన పొట్టును ఊదుతూ, వచ్చేపోయే నాయకులను చూసి పెదవి విరుస్తూ ఉండేవాడు.

పెదవి విరవడం ఆయనకు నిత్యానుష్ఠానం. తండ్రి మేడిపల్లిలో దొర వాకిట పాలేరుగా జీతమున్న మనిషి. వంశంలో ఎవరికీ గుంట భూమి లేదు. భీమయ్య పన్నెండో ఏట కోరుట్ల కోతమిషన్లో దుంగలు మోయడానికి వచ్చాడు. మోసిన దుంగనల్లా వాసన చూశాడు, గోటితో గీకాడు, తట్టి విన్నాడు, చివరకు ఉలి పట్టాడు. కులవృత్తి కాని పనికి చేయి చాపాడని మొదట నవ్విన వాళ్ళే, పదేళ్ళు తిరిగేసరికి దుంగ కొనబోయే ముందు ఆయనను వెంటబెట్టుకొని పోవడం మొదలుపెట్టారు. వాళ్ళు నవ్విన నవ్వును మాత్రం ఆయన మరిచిపోలేదు. దానిని వడ్డీతో సహా లోకానికంతటికీ తిరిగి చెల్లిస్తూ వచ్చాడు.

మనుషులను కట్టెలుగా తూచేవాడు. ఫలానా వాడు మామిడి: కోతకు మెత్తగా వస్తాడు, రెండు వానలకు పురుగు పడతాడు. ఫలానా వాడు నల్లమద్ది: గట్టివాడే కాని మేకు దిగనివ్వడు, ఎండ తగిలితే పగులుతాడు. వేప చేదు కనుక చెద ముట్టదు. పచ్చిగా తలుపు చేస్తే మాత్రం ఏడాదిలో వంకర తిరిగి యజమానినే బయట నిలబెడుతుంది. తుమ్మ ఉలి పదును తింటుంది, అయినా బండిచక్రానికి అదే దిక్కు. టేకును గురించి మాట్లాడేటప్పుడు మాత్రమే ఆయన గొంతు కొంచెం తగ్గేది. రందాకు వెన్నలా లొంగి, లోపలి నూనెతో చెదను దూరం పెట్టి, తరాలు గడిచినా గీత తప్పని కట్టె అది.

ఒకమారు జగిత్యాలలో ఒక పెద్దమనిషి తన కొత్త సోఫా చూపించి, "ఎట్లున్నది భీమయ్యా? ఖరా టేకు" అన్నాడు. భీమయ్య వంగి దాని అడుగున గోటితో గీకాడు.

"టేకే అయ్యా. కాకపోతె మామిడిచెట్టుకు కాసిన టేకు."

ఆ ఇంటి గడప ఆయన మళ్ళీ తొక్కలేదు, వాళ్ళు తొక్కనివ్వలేదు కూడా.

ఇక మిషన్ల మీద తయారయ్యే పలకలంటే ఆయన తిరస్కారానికి గట్టు లేదు. ప్లైవుడ్డును ఏదో కొంత మన్నించేవాడు: "పొర మీద పొర అడ్డం నిలువు పరిచిండ్రు గనుక వంగది, గా ఒక్క బుద్ధి ఉన్నది దానికి." రంపపు పొట్టుకు జిగురు కలిపి ఒత్తి, పైన టేకు గీతలు అచ్చుగుద్దిన కాగితం అంటించిన పొట్టుపలకను మాత్రం కాలితో తప్ప చేతితో తాకేవాడు కాదు. ప్రతి చెట్టుకూ మొదలూ కొసా ఉంటాయి. తలుపు చట్రానికి నిలువు కమ్మీ నిలిపేటప్పుడు మొదలు కిందికి, కొస పైకి రావాలి. "దీనికి మొదలేది, కొసేది? అయ్య పేరు తెల్వని కట్టె. మరమేకు ఒకసారి ఊడితె మళ్ళ పట్టది, చెంబెడు నీళ్ళు పడితె పూరీ లెక్క ఉబ్బుతది" అనేవాడు.

ఇంత గర్వం గల మనిషి ఇంటికి తలుపు లేదు. సిరిసిల్ల నేతకారుల ఇండ్ల నుంచి జగిత్యాల మేడల దాకా మూడు వందల ద్వారబంధాలు, ఆయన మాటలో దర్వాజలు, ఎత్తినవాడి అద్దె గుడిసెకు గోనెపట్టా వేలాడేది. ఎనిమిదేళ్ళ కిందట అటవీ డిపో వేలంలో ఒక టేకుదుంగ కొని, కోయించి, పలకకూ పలకకూ నడుమ పుల్లలు పెట్టి, కొసలు పగలకుండా పేడ పూసి, పందిరి నీడన ఆరబెట్టాడు. అప్పటికి ఇల్లు కాదు కదా, జాగా కూడా లేదు.

"ఇల్లు లేనోడు దర్వాజ కొన్నడట, ఊరంత నవ్వుతాంది" అని భార్య బాలవ్వ దెప్పింది.

"నవ్వనీ. గోడ నెలల లేస్తది. కట్టె ఆరాలంటె ఏండ్లు పడతయ్."

నిరుడు సర్కారు జాగా వచ్చింది. గోడలు లేచాయి. విజయదశమి నాడు దర్వాజ ఎత్తాలని ముహూర్తం పెట్టుకొన్నారు. రెండు నిలువు కమ్మీలూ, పైకమ్మీ, గడపా చెక్కి సిద్ధమయ్యాయి. ఎనిమిది వానాకాలాలు కాపాడుకొన్న కట్టె. మళ్ళీ అటువంటిది కొని ఆరబెట్టడానికి ఆయన ఒంట్లో అన్ని ఏండ్లు లేవు.

పండుగ తొమ్మిది రోజులుందనగా పందిరికి ఎదురుగా బాట మీద వంటా వార్పు పెట్టారు. దారి ఆపి, బాట మీదే వండి, బాట మీదే తినడం ఆనాటి నిరసనల్లో ఒకటి. దాని పెత్తనం ముత్యం సేటుది. కోరుట్లలో రెడీమేడ్ ఫర్నిచర్ దుకాణం ఆయనదే; ఉద్యమం ఊపందుకొన్నాక మెడలో కండువా, చేతిలో మైకు వచ్చి చేరాయి. వేదిక కట్టించి, తివాచీ పరిపించి, పదిమంది నాయకులతో పైకెక్కాడు. పొయ్యికట్టెలు తానే దానమిస్తున్నానని ముమ్మారు ప్రకటించాడు.

ఆ దానం ట్రాలీలో వచ్చింది: దుకాణంలో విరిగిన బీరువాల, ఉబ్బిన మంచాల పొట్టుపలకలు. భీమయ్య చూసి ఉలి పక్కన పెట్టాడు. "చూడు బాలవ్వా తమాష" అన్నాడు.

తమాషా ఎంతోసేపు పట్టలేదు. మూడు పెద్ద వంట డేగిసాల కింద పలకలు అంటుకొన్నాయి. జిగురు బుగ్గలు కట్టి ఉడికింది. అంటించిన కాగితం ముడుచుకొని నల్లటి పొగ కక్కింది. అడవులను ఆరగించిన అగ్నిదేవుడికి ఆ పొట్టు అరగలేదు. జనం కళ్ళు తుడుచుకొంటూ వెనక్కి జరిగారు. బస్సులు లేక మేడిపల్లి నుంచి నడిచి వచ్చిన బీడీలు చుట్టే ఆడవాళ్ళు కొంగులు ముక్కుకు అడ్డం పెట్టుకొన్నారు.

వంటమేస్త్రీ పాషా గరిటె ఎత్తి అరిచాడు: "ఓ సేటూ! గిది కట్టెనా, దోమల మందా? బియ్యం పలుకు మీదనే ఉన్నయ్. మూత పక్కకు జరిపితె బగార వాసన పోయి జిగురు వాసన లోపలికి పోతాంది."

పన్నెండు దాటింది. కోతమిషన్లూ సమ్మెలోనే ఉన్నాయి. కట్టె ఎక్కడా దొరకదు. ముత్యం సేటు చూపు బాట దాటి, పందిరి కింద పేర్చిన టేకు మీద పడింది. మైకు అందుకొన్నాడు.

"మన భీమయ్య అన్న తాన ఎండిన కట్టె ఉన్నది. తెలంగాణ కోసం పిల్లలు పానాలే ఇస్తాండ్రు. మన అన్న రెండు కట్టెలియ్యడా?"

చప్పట్లు మోగాయి. నలుగురు కుర్రాళ్ళు బాట దాటారు. బాలవ్వ పరుగున వెళ్ళి గడపకమ్మీ మీద కూర్చొంది. "నన్ను గూడ మోసుకపోయి పొయ్యిల వెట్టుండ్రి" అంది. భీమయ్య మనసులోనే తూచుకొన్నాడు. ఇస్తే ఎనిమిదేళ్ళు బూడిద. ఇవ్వనంటే ద్రోహి అన్న పేరు. అది ఆ రోజుల్లో మైకు ఉన్నవాడు ఎవరి మీదనైనా చల్లగల బురద. లాఠీదెబ్బ తిన్న వీపు ఎవరిదో ఆ మైకుకు తెలియదు. పొట్టుపలక అమ్ముకొనేవాడు తనకు త్యాగం నేర్పుతున్నాడు! ఆ తలంపుతో ఆయనకు భయం పోయింది. లేచి తిన్నగా వేదిక దగ్గరికి నడిచాడు.

"సేటూ, నీకు నా టేకు కావాల్నా, అన్నం ఉడకాల్నా?"

"రెండొక్కటే గద అన్నా."

"ఒక్కటి కాదు. ఎనిమిదేండ్లు ఎండిన టేకు, సర్రున అంటుకొని బుస్సున ఆరుతది. మూడు డేగిసలకు నిప్పు నిలవాలె. గసుంటి కట్టె గీడనే ఉన్నది." వంగి తివాచీ అంచు పట్టి పైకెత్తాడు. కింద బల్లలు మోస్తున్న గుంజలు బయటపడ్డాయి. "సరుగుడు. నీ కొత్త మేడ స్లాబుకు తెప్పిచ్చుకున్నవి గద? పచ్చిదైన మండుతది, పొగ తక్కువ, నిప్పు గట్టిది. పొయ్యికి గీ కట్టెను మించింది లేదు. దిగుండ్రి."

ముత్యం సేటు మైకు కిందికి దించాడు. "అది... వేదిక అన్నా. నాయకులు కూసున్నరు."

"నేల మీద కూసుంటె నాయకులు గాకుంట పోతరా?"

మేడిపల్లి ఆడవాళ్ళలో వెంకటవ్వ అనే ముసలమ్మ మొదట నవ్వింది. "ఓ సేటూ, పానాలియ్యకు బిడ్డా, గుంజలియ్యి సాలు. కడుపు కాలుతాంది" అంటూ కొంగు నడుముకు చెక్కి ఒక గుంజ పట్టుకొంది. ఆమె వెనక ఇరవై చేతులు. బాట దాటిన ఆ నలుగురు కుర్రాళ్ళే వెనక్కి వచ్చి తాళ్ళు విప్పారు. నాయకులు ఒకరి వెనక ఒకరు చెప్పులు వెతుక్కొంటూ దిగారు. వేదిక ఎక్కడానికి అంత తోపులాడినవాళ్ళు దిగడంలో ఎంత వినయం చూపారో!

అరగంటలో పొయ్యిలు ఎర్రబడ్డాయి. అన్నం ఉడికింది. మొదటి విస్తరి ముందు కూర్చొన్నవాడు ముత్యం సేటే; ఆ విషయంలో ఆయన ఎన్నడూ వెనుకబడలేదు. భీమయ్య చివరి పంక్తిలో తిని, చేయి కడుక్కొని, "పాషా, ఉప్పు తక్కువ" అన్నాడు.

"నీ నోట్ల ఏదన్న సరిపోయిందని వినంగనే నేను వంట బంజేస్త కాకా" అన్నాడు పాషా.

విజయదశమి ఉదయం బాలవ్వ పసుపు పూసి, కుంకుమ పెట్టింది. పాషా ఒక కమ్మీ పట్టాడు. దర్వాజ ఎత్తిన వడ్రంగికి యజమాని కొత్త బట్టలు పెట్టడం ఆచారం. ఇక్కడ వడ్రంగీ యజమానీ ఒక్కరే కావడంతో బాలవ్వే తువ్వాల తెచ్చి భర్త భుజాన వేసింది. ఆయన దానిని విప్పి చూసి, నేత పలుచనని చెప్పి, కళ్ళు తుడుచుకొన్నాడు.

ఆ గడపను దాటి ఆకలి లోపలికి పోకుండుగాక. ఆ దర్వాజకు ఏటేటా మామిడాకులు కొత్తవగుగాక. ఆ తలుపుల వెనక బాలవ్వ పసుపుకుంకుమలు నూరేళ్ళు వెలుగుగాక. భీమయ్య చేతి చలువ తరతరాలు నిలిచి, ఆ ఇంటిల్లిపాదికీ ఆయురారోగ్యాలు, చేవగల బ్రతుకు, పాడిపంటలు సమృద్ధిగా కలుగుగాక!