పెండ్లి గాజుల పూట

మా తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ల ఆడవాళ్ల సంఘంలో నన్ను అందరూ సంగారెడ్డి ఆడపడుచు అంటారు. ఆ మాటకు ఉబ్బిపోయి, మొన్న ఆదివారం ఒక మినీ బస్సు నిండా ఆడవాళ్లను వెంటేసుకుని మా ఊరి పాత బజారు చూపించడానికి బయల్దేరాను. నోరు మూసుకుని ఇంట్లో పడి ఉంటే ఎంత బాగుండేది!

ముందు అప్పడాలు చేసే మహిళా సంఘం, తర్వాత ఇత్తడి సామాన్ల దుకాణం, చివరికి అవ్వ గాజుల దుకాణం. అవ్వంటే మా సొంత అవ్వ కాదు. నా చిన్నప్పటి నుంచి నాకు గాజులు తొడిగిన మనిషి. కొన్నా కొనకపోయినా, రెండు గాజులైనా తొడగకుండా నన్ను ఏనాడూ గడప దిగనివ్వలేదు. ముందురోజే ఆమెకు ఫోన్ చేసి, పెద్ద ఆఫీసరులా హుకుం జారీ చేశాను.

"అవ్వా, రేపు పదింటికి దుకాణంల ఎవ్వళ్లనూ కూసోవెట్టుకోకు. మావోళ్లు నీతోని నిమ్మళంగ మాట్లాడతరు."

"గట్లనే బిడ్డా, నీ మాట కాదంటనా?" అన్నది.

మర్నాడు పదింటికి మేమెక్కడున్నాం? పాత జైలు ముందు ఫొటోలు దిగుతున్నాం. ఆ తర్వాత అప్పడాల సంఘంవాళ్లు చాయ్ ఇచ్చి, వేడివేడి సర్వపిండి పెట్టారు. అక్కడ లేవబుద్ధి కాలేదు. ఇత్తడి దుకాణంలో మావాళ్లు ప్రతి బిందెనూ కొట్టి చూశారు. అవ్వ దగ్గరికి చేరేసరికి పదకొండు దాటిపోయింది. ఆలస్యమవుతుందని ఒక్క ఫోన్ కూడా చేయలేదు నేను. అవ్వ ఎక్కడికి పోతుందిలే అన్న ధీమా.

అవ్వ ఉతికిన చీర కట్టుకుని, నున్నగా తల దువ్వుకుని కూర్చుంది. పక్కన కోడలు ముఖం మాడ్చుకుని నిలబడింది. మావాళ్లు లోపలికి దూరి, అవ్వను అటు తిప్పి ఇటు తిప్పి ఫొటోలు తీసుకున్నారు. కొనే మాటెత్తితే మాత్రం, మట్టిగాజులు ఆఫీసులో చప్పుడు చేస్తాయట! కాసేపటికే అందరూ బస్సు దారి పట్టారు.

నేను వెనక ఆగాను. బల్ల మీద కాగితంలో సగం చుట్టిన ఆకుపచ్చ గాజులు కనిపించాయి.

"ఇవి ఎవరియవ్వా?"

కోడలే అందుకుంది.

"పెండ్లిపిల్లయి. పదింటికే సుట్టాలందర్నీ తోల్కొని వచ్చిండ్రు. పదకొండు దాటితే వర్జ్యమట, జల్దీ తొడుగుమన్నరు. నీకు మాటిచ్చిన్నని మా అత్త వాళ్లను బయటనే నిలవెట్టింది. సూసి సూసి ఇంకో దుకాణంకు పోయిండ్రు. ఆ పిల్ల తల్లికి గూడ పెండ్లి గాజులు మా అత్తనే తొడిగింది!"

"ఊకోవే," అన్నది అవ్వ.

పెండ్లి గాజులు అవ్వకు ఒట్టి బేరం కాదు. తను తొడిగిన పిల్ల కాపురం ఎట్లా ఉందో, కాన్పు ఎట్లా అయిందో ఏళ్ల తరబడి ఆరా తీస్తుంది. నన్నూ అట్లాగే అడిగేది. అన్నీ తెలిసిన నేనే ఆమె పూట చెడగొట్టాను.

"తొడిగెయ్యకపోతివా అవ్వా? మేము ఇంకా రానే లేదు గద!"

"ఎవ్వళ్లనూ కూసోవెట్టుకోకు అంటివి గద బిడ్డా."

ఛీ, నా బతుకు! అప్పటికీ బుద్ధి రాక పర్సు తీశాను. "ఇవన్నీ నేనే కొంటనవ్వా."

"గవి ఆ పిల్ల చేతికి సూసి తీసినయి. నీకెట్ల ఎక్కుతయి?" కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండేది.

చిన్నపిల్లలా చేయి చాపాను. అలవాటు కొద్దీ నా వేళ్లు దగ్గరికి మడిచి పట్టుకుంది. అంతలోనే వదిలేసింది.

"ఇయ్యాల తొడుగబుద్ది అయితలేదు బిడ్డా. పో, నీకోసం బస్సు ఆగింది."

ఒట్టి చేతులతో గడప దిగాను.