ఇవాళ పెద్దమ్మ ఎవరు?

రోజూ పొద్దున కాఫీ కలిపి చేతికిస్తూ పెదనాన్న పెద్దమ్మను ఒకటే ప్రశ్న అడిగేవాడు.

"ఇవాళ నువ్వెవరు?"

"మోకాళ్ళ నొప్పులున్న దర్జీని," అనేది పెద్దమ్మ.

"నిన్నటి ఉబ్బసం మనిషి వెళ్ళిపోయాడా?"

"ఆయన కోర్సు అయిపోయింది."

"పోన్లే. గంటగంటకీ అలారం మోగించి చంపాడు."

పెద్దమ్మకు ఏ జబ్బూ లేదు. జలుబు కూడా ఆమె జోలికి రావడానికి జంకేది. ఆమెకున్నదల్లా ఒకే ఒక్క పిచ్చి, ఊళ్ళోవాళ్ళ మందులన్నీ తను మింగడం. అసలువి కాదు, ఉత్తుత్తివి. ఖాళీ గొట్టం మాత్రల్లో పంచదార పొడి కూరి, ఎవరి చీటీలో ఎలా రాసి ఉంటే అలా, పరగడుపున అంటే పరగడుపున, తిన్నాక అంటే తిన్నాక, వేసుకునేది. అది సరదా కాదు, ఆమె ఉద్యోగం. పెద్దాస్పత్రిలో లిఫ్టు వెనకాల, విరిగిన మంచాలు పడేసే గదిని ఆనుకుని ఒక చిన్న గది ఉంది. డాక్టర్లు మందులు రాసే తీరును బాగుచేయడం ఎలా అన్నదాని మీద ఆ గదిలో కూర్చుని పరిశోధన చేసేది.

"మందు పనిచేస్తుందా లేదా అని చూడ్డానికి బోలెడుమంది ఉన్నారు. ఆ మందుతో మనిషి కాపురం చేయగలడా అని చూసేవాళ్ళేరీ?" అనేది.

ఆ కాపురం ఖర్చు మాత్రం పెదనాన్న మీద పడేది. ఎముకల మాత్ర వేసుకున్నాక అరగంట దాకా వంగకూడదు, పడుకోకూడదు. సరిగ్గా ఆ అరగంటలోనే పెద్దమ్మ చేతిలోంచి తాళాలు, కళ్ళజోడు, చెంచాలు వరసగా జారిపడేవి. "ఎముకలు ఆవిడవి, నడుము నాది," అని గొణుగుతూ ఆయన ఏరి ఇచ్చేవాడు. ఇంకోసారి ఒక చీటీ ప్రకారం పరగడుపున ఒకటి, అది అరిగాక మరొకటి, ఆ మరొకటి కడుపులో కుదురుకున్నాక గాని ఏమీ తినకూడదు. పెద్దమ్మ పొద్దుటి ఫలహారం మధ్యాహ్నానికి తేలింది. "ఈ చీటీ రాసినాయన జన్మలో ఒక్కపూటైనా ఆకలంటే ఎరుగునా అని కనుక్కో," అన్నాడు పెదనాన్న.

ఈ ఇంట్లోకే దిగింది చిట్టి, పెద్దమ్మ చెల్లెలి కూతురు. డాక్టరు చదువు పూర్తిచేసి అదే ఆస్పత్రిలో కొత్తగా చేరింది. పెద్దమ్మంటే ఆ పిల్లకు ప్రాణం. ఆస్పత్రి క్యాంటీనులో పెద్దమ్మ పక్కన కూర్చోవాలంటే మాత్రం ప్రాణం చచ్చేది. మాటల మధ్యలో సంచీలోంచి అలారం మోగేది, పెద్దమ్మ లేచి నిలబడి మాత్ర మింగేది, నాలుగు బల్లల అవతలి నుంచి ఎవరో ఒకరు, "ఇవాళ ఎవరండీ?" అని అడిగేవాళ్ళు.

పెద్దమ్మ తను మింగి ఊరుకోలేదు. డాక్టర్లను పట్టుకుని, వాళ్ళు రాసిన చీటీలే వాళ్ళచేత వారంపాటు మింగించేది, ఉత్తుత్తి మాత్రలతోనే. ఒకసారి ఆ వంతు ఆస్పత్రిలో అందరికీ పెద్దయిన డాక్టరుకు వచ్చింది. వారం చివర ఆయన దగ్గరికి చిట్టిని వెంటబెట్టుకుని వెళ్ళింది.

"ఎలా గడిచిందండీ?"

"బ్రహ్మాండంగా. ఒక్కటీ తప్పలేదు. ఈ రోగులకు శ్రద్ధ లేదు గాని, ఇందులో కష్టమేముంది?"

పెద్దమ్మ కిటికీలోని పూలకుండీ వైపు చూసింది. గోడ వారనుంచి బయల్దేరిన చీమల బారు ఒకటి, పెళ్ళివిందుకి వెళ్తున్నంత హడావిడిగా ఆ కుండీలోకి దిగుతోంది.

"మొక్కను కాస్త కనిపెట్టి ఉండండి డాక్టరు గారూ. పాపం, దానికి షుగరొచ్చేలా ఉంది," అంది మెల్లగా.

పెద్ద డాక్టరు ముఖం కందగడ్డయింది. బయటికొచ్చాక చిట్టి నవ్వాపుకోలేక, "అందరికీ చెప్పేద్దామా పెద్దమ్మా?" అంది.

"ఎందుకే? మనిషన్నాక ఎగ్గొడతాడు. రేపట్నించి ఆయన రోగుల్ని కసరడు, చూడు."

చిట్టికి ఆ మాట నచ్చలేదు. ఎందుకంటే అప్పటికే తనకొక రోగి మీద పీకలదాకా కోపం ఉంది.

ఆయన సిటీబస్సు డ్రైవరు. బీపీ ఎక్కువ. వచ్చినప్పుడల్లా చిట్టి అడిగేది, "మందులు వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నానమ్మా."

"అన్నీ?"

"అన్నీ."

బీపీ చూస్తే కొండెక్కి కూర్చునేది. చిట్టి ఒక మాత్ర మోతాదు పెంచింది, ఇంకో రెండు మాత్రలు చేర్చింది. దాన్ని చూసి ఇదీ దీన్ని చూసి అదీ అన్నట్టు చీటీ పెరిగింది, బీపీ పెరిగింది. వచ్చే నెలలో డిపోలో ఆరోగ్య పరీక్ష ఉంది. ఆలోగా బీపీ దిగకపోతే ఆయన్ని బస్సు దింపేసి గేటు దగ్గర కుర్చీలో కూర్చోబెడతారు. "బండి తోలిన చేతులమ్మా ఇవి. గేటు తీసి మూయమంటే ఊరుకోవు," అన్నాడాయన, చేతుల వంక చూసుకుంటూ. చిట్టికి ఆ రోజు అన్నం సయించలేదు.

"మొండి రోగం పెద్దమ్మా. లేదంటే మొండి మనిషి."

"చీటీలో ఏమున్నాయి?"

"అన్నీ ఉన్నాయి."

"అదే అనుకున్నా. ఆయన్ని అడుగు. సరేనంటే ఆ చీటీ నాకు తెచ్చివ్వు."

డ్రైవరు పడీపడీ నవ్వాడు. "నా మందులు ఆవిడ మింగితే నా బీపీ దిగుతుందా?"

"దిగదండీ."

"మరెందుకమ్మా?"

"నాకూ తెలీదు," అంది చిట్టి నిజాయితీగా. ఆ నిజాయితీకి మెచ్చి ఆయన ఒప్పుకున్నాడు.

చిట్టికి సెలవున్న రోజు పొద్దున పెదనాన్న మామూలు ప్రశ్న మామూలుగానే వేశాడు.

"బస్సు డ్రైవర్ని," అంది పెద్దమ్మ.

"మరి బస్సేదీ?"

"అక్కడికే వెళ్తున్నాం. చిట్టీ, చెప్పులేసుకో."

బయల్దేరబోతూ చిట్టి చేతిలో కూడా ఒక గొట్టం మాత్ర పెట్టింది. "ఇది ఆయన చీటీలోని నీళ్ల మాత్ర. అసలుదైతే ఒంట్లో నీరంతా బయటికి లాగుతుంది. మనది పంచదార కాబట్టి, ఆ పని ఈ సీసా చేస్తుంది," అంటూ పెద్ద సీసాడు నీళ్లు అందించింది.

"నాకెందుకు పెద్దమ్మా?"

"రాసిందెవరు?"

చిట్టి మాత్ర వేసుకుని సీసా ఖాళీ చేసింది. పెద్దమ్మ కూడా తన మాత్ర వేసుకుని, తన వంతు సీసాను చిట్టి కళ్ళముందే ఆఖరి చుక్కదాకా తాగింది.

ఆ డ్రైవరు బస్సే ఎక్కి, ఆయన వెనక సీట్లో ఇద్దరూ కూర్చున్నారు. మొదట గాలి హాయిగా ఉంది. కాసేపటికి చిట్టి కిటికీలోంచి చూడ్డం మానేసింది.

"పెద్దమ్మా, వచ్చే స్టాపులో బస్సు ఎంతసేపాగుతుంది?"

"ఇద్దరు దిగి ముగ్గురెక్కేంతసేపు."

"అక్కడ బాత్రూము ఉంటుందా?"

"స్టాపు ఉంటుంది."

ఊళ్ళో ఇన్ని స్పీడుబ్రేకర్లు ఉన్నాయని చిట్టికి ఆ రోజే తెలిసింది. పక్క సీట్లో పిల్లాడు సీసా ఎత్తి గటగటా నీళ్లు తాగుతుంటే వాడి మీద పగ పుట్టింది. బస్సు వంతెనెక్కి, కింద నది గలగలా పారుతుంటే కళ్ళు గట్టిగా మూసుకుంది. కండక్టరు వచ్చి, "ఎక్కడ దిగాలమ్మా?" అంటే, "ఎక్కడైనా సరే," అంది.

ఆఖరి స్టాపు రాగానే దూకినట్టు దిగి పరుగెత్తింది. బాత్రూముకి తాళం. తాళంచెవి టీకొట్టాయన దగ్గరుంది. ఆయన లోకంలో దేనికీ తొందర లేనివాడిలా చిల్లర లెక్కపెట్టుకుంటున్నాడు.

చిట్టి మళ్ళీ మనుషుల్లో పడి తిరిగొచ్చేసరికి పెద్దమ్మ బల్లమీద నింపాదిగా కూర్చుని డ్రైవరుతో టీ తాగుతోంది.

"తమ్ముడూ, ఒక మాట చెప్తాను, నవ్వకూడదు," అంటోంది. "నీ చీటీ ప్రకారం పొద్దున నీళ్ల మాత్ర వేసుకోవాలి కదా. నేను ఎగ్గొట్టేశాను."

చిట్టి నోరు తెరిచింది. పెద్దమ్మ ఆయనకు కనబడకుండా ఆ పిల్ల కాలు తొక్కింది.

"అదేంటమ్మా, ఎందుకని?"

"బస్సెక్కాలాయె. మధ్యదారిలో అవసరమొస్తే? సిగ్గేసింది. ఇదిగో, ఈ డాక్టరమ్మ వినేసింది. తిడితే తిట్టనీ."

డ్రైవరు టీ గ్లాసు పక్కన పెట్టాడు.

"ఆవిణ్ణేమీ అనకండమ్మా," అన్నాడు చిట్టితో. "నేనూ డ్యూటీ రోజుల్లో అది వేసుకోను. వెనకాల బండినిండా జనం. మధ్యలో ఆపి ఎక్కడికని దిగను? ఆ ఒక్కటే కదా అనుకున్నా. చెప్తే మీరు నొచ్చుకుంటారని చెప్పలేదు. నేను చెప్పకపోతే మీరు ఇంకో రెండు రాశారు."

వారం కిందటైతే చిట్టి ఏమనేదో గాని, అప్పుడు మాత్రం ఆయన ఎదుట కూలబడి, "నేనైతే ఒక్క ట్రిప్పుకే అయిపోయానండీ," అంది. "ఆ మాత్ర తీసేద్దాం. అలా నీరు లాగని మందు ఇంకొకటి ఉంది. తక్కినవి కూడా రేపు మా పెద్ద డాక్టరును అడిగి మళ్ళీ చూస్తాను. ఇది మీ పొరపాటు కాదు. మీ పనేమిటో తెలిసి కూడా నేను ఆలోచించలేదు."

ఆయన ముఖం తేటపడింది. టైమైందని లేచి, బస్సు దగ్గరికి వెళ్ళాడు. ఆయన వీపు కనుమరుగవగానే పెద్దమ్మ ముఖంలో నింపాదితనం ఇట్టే మాయమైంది.

"తాళంచెవి ఎవరి దగ్గరుందే?"

"టీకొట్టు..."

చిట్టి మాట పూర్తయ్యేలోపు చేతిసంచీ ఆ పిల్ల ఒళ్ళో పడింది. పెద్దమ్మ అంత జోరుగా పరుగెత్తగలదని పెదనాన్న కూడా నమ్మడు.

తిరుగు ప్రయాణంలో చిట్టి గొంతు తగ్గించి అడిగింది. "నువ్వు వేసుకున్నావు. నేను చూశాను."

"చూస్తే చూశావులే."

"ఎన్నడైనా ఒక్కటైనా ఎగ్గొట్టావా?"

"లేదే."

"అంటే, ఇన్నేళ్ళూ ఇన్ని మాత్రలు మింగింది, ఎగ్గొట్టానని అబద్ధం చెప్పడానికా?"

"అబద్ధం ఊరికే వస్తుందటే? ఏ మాత్ర ఎక్కడ అడ్డం పడుతుందో మింగితేగా తెలిసేది. అది తెలిశాక, ఆ తప్పు ముందు నేనే చేశానని చెప్తాను. ఒకరు ఒప్పుకుంటే రెండోవాళ్ళకి సులువు." పెద్దమ్మ కిటికీలోంచి ఊరిని తృప్తిగా చూసుకుంది. "ఈ ఊళ్ళో సగంమంది లెక్కలో నేను మందులు ఎగ్గొట్టే దొంగని, తెలుసా."

లిఫ్టు వెనక పెద్దమ్మ గదిలోకి తల దించుకుని వెళ్ళిన రోగులు నవ్వుకుంటూ ఎందుకు బయటికొస్తారో చిట్టికి అప్పుడు అర్థమైంది.

డ్రైవరు బీపీ మెల్లగా దిగింది. డిపో పరీక్షలో నెగ్గాడు. బస్సు ఆయన చేతుల్లోనే ఉండిపోయింది. చిట్టి ఇప్పుడు ఎవరికి మందు రాసినా, ముందు వాళ్ళు చేసే పనేమిటో, దాని మధ్యలో మాత్రకు చోటెక్కడో అడుగుతుంది. అందుకని ఆమె గది ముందు వరస కాస్త నెమ్మదిగా కదులుతుంది.

పెద్దమ్మ ఉద్యోగం నుంచి దిగిపోయింది. ఈమధ్య ఆమెకు నిజంగానే బీపీ వచ్చింది. చిట్టి ఒకే ఒక్క మాత్ర రాసింది, రోజుకొకటి, రాత్రి అన్నం తిన్నాక. పెద్దమ్మ దాన్ని వారానికి రెండుసార్లయినా మరిచిపోతుంది.