నాగాయలంక మీదుగా గుడివాడ మ్యాట్నీకి

బందరు నుంచి గుడివాడ వెళ్లడానికి గంటకు కాస్త ఎక్కువ పడుతుంది. రైలుంది, బస్సులున్నాయి. నేను మాత్రం ఈస్టరు తర్వాతి శనివారం దివిసీమ అంతా చుట్టి ఏడు గంటలు తీసుకుని వెళ్లాను. అలా ఎందుకు వెళ్లవలసి వచ్చిందో ముందు చెప్పి, తర్వాత దారి సంగతి రాస్తాను.

మేం కతోలికులం. చర్చిలో దివ్యబలిపూజను ఇంట్లో మామూలుగా ‘పూజ’ అనే అంటాం. ఎవరి పేరనైనా పూజ చెప్పించాలంటే చీటీ మీద పేరు రాసి ఇస్తాం. బతికి ఉన్నవారి పేర్లు పుస్తకంలో ఒక పేజీకి, చనిపోయినవారివి ఇంకో పేజీకి ఎక్కుతాయి. పూజకు ముందు, ఫాదర్ గారికి సాయంగా ఉండే ఉపదేశిగారు వాటిని పైకి చదువుతారు. నేను రిజిస్ట్రేషన్ ఆఫీసులో గుమాస్తాగా చేసే రోజుల్లో, రాత కుదురుగా ఉంటుందని ఆ పుస్తకం నాకు అప్పగించారు.

నా స్నేహితుడు శౌరయ్య అప్పట్లో బందరులో ఒక హీరో అభిమాన సంఘానికి అధ్యక్షుడు. హీరో పేరు రాయను. రాస్తే మిగతా హీరోల వాళ్లు ఇక్కడితో చదవడం ఆపేస్తారు. సినిమా విడుదలకు అందరూ థియేటరు ముందు కొబ్బరికాయలు కొట్టేవారు. శౌరి అదీ చేసేవాడు, విడుదల వారం ఆదివారం హీరో పేరున పూజా చెప్పించేవాడు.

ముప్పై రెండేళ్ల కిందట ఒక సినిమా నవంబరులో వచ్చింది. నవంబరు మాకు ఆత్మల నెల. చనిపోయినవారి చీటీలు సంచులకొద్దీ వస్తాయి. ఆ ఆదివారం ఉపదేశిగారు చనిపోయినవారి పేర్లు చదువుతూ, అదే వరసలో హీరో పేరు కూడా చదివి, “వీరందరి ఆత్మశాంతి కొరకు” అన్నారు. వెనక బల్లల మీదున్న అభిమాన సంఘం వాళ్లు ఒక్కసారిగా లేచి నిలబడ్డారు. మధ్యాహ్నానికల్లా సగం బందరు హీరో పోయాడనుకుంది. అపశకునమని జనం రాక, శుక్రవారం విడుదలైన సినిమాను మంగళవారానికి ఎత్తేశారు.

ఆ ఆదివారం చర్చి ఆవరణలో సంఘమంతా మా ఇద్దరినీ చుట్టుముట్టింది. “చీటీ వీడే అలా ఇచ్చాడు” అన్నాను నేను. వాడు సరిగ్గానే ఇచ్చాడు. తొందరలో పేజీ తప్పింది నేను. తప్పులు రాయడని నాకున్న పేరు పోతుందని భయపడ్డాను. సంఘం శౌరిని అధ్యక్ష పదవి నుంచి దించేసింది. వాడు నాతో మాట మానేశాడు. మా చర్చి గడప మళ్లీ తొక్కనన్నాడు. భార్య ఊరు నాగాయలంక వెళ్లి పడవ ఇంజన్లు బాగుచేసే షెడ్డు పెట్టుకున్నాడు.

ఈ ఏడు ఈస్టరు ముందు ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ఈ సంగతి మొదటిసారి బయటపెట్టాను. ఫాదర్ గారు చిన్నవాడు, మా అబ్బాయి వయసు ఉంటుంది. “నాకు చెప్పారు, మంచిది. ఆయనకు చెప్పారా?” అని అడిగారు. లేదన్నాను. “అయితే మీకు అదే ప్రాయశ్చిత్తమండి” అన్నారు. ఆ వారమే పేపర్లో చూశాను, ఆ సినిమానే కొత్త ప్రింటుతో గుడివాడలో ఈస్టరు తర్వాతి శనివారం మ్యాట్నీ వేస్తున్నారని. బందరు, గుడివాడ, అవనిగడ్డ సంఘాల పాతవాళ్లంతా వస్తారని కూడా ఉంది. శౌరిని ఆ సినిమాకు తీసుకెళ్లి, దారిలో క్షమాపణ చెప్పుకోవచ్చు అనుకున్నాను.

శనివారం ఉదయం 6.10కి బందరు బస్టాండులో అవనిగడ్డ బస్సు ఎక్కాను. గుడ్డసంచిలో నీళ్ల సీసా, అరకేజీ హల్వా, ఆ సినిమా వచ్చిన ఏటి నా డైరీ. వయసు రాయితీకి కండక్టరు ఆధార్ అడిగాడు. వెళ్లేవారు కార్డు తప్పక దగ్గర పెట్టుకోవాలి, నోటిమాట నమ్మరు. కిటికీ పక్క సీటు దొరికింది. నా పక్కన మోపిదేవి వెళ్తున్న ఒక పెద్దావిడ కూర్చుంది.

“ఎందాకా అండీ?”

“నాగాయలంక. స్నేహితుణ్ణి చూడ్డానికి.”

“ఒంట్లో బాలేదా ఆయనకి?”

“బానే ఉన్నాడమ్మా. నాతో మాట్లాడ్డు.”

“ఎన్నాళ్లయింది?”

చెప్పాను. ఆవిడ నా సంచి వంక చూసి, “అందులో ఏవుంది, హల్వానా? అది తిని కూడా మాట్లాడకపోతే ఇంక ఒదిలెయ్యండి” అంది.

చల్లపల్లి దాకా రోడ్డుకు ఒక పక్కన మొక్కజొన్న ఆరబోసి ఉంది. బస్సులు మిగిలిన సగంలోనే వంతులవారీగా పోతున్నాయి. మోపిదేవిలో ఆవిడ దిగిపోయింది. పులిగడ్డ అక్విడక్టు మీద కాలవ, కాలవ కింద కృష్ణ పాయ. పాయలో నీళ్లకంటే ఇసుకే ఎక్కువ కనిపించింది. 7.35కి అవనిగడ్డ. టీ తాగి 7.50కి నాగాయలంక బస్సు ఎక్కితే 8.20కి దింపాడు. శౌరి షెడ్డు అడిగితే టీ కొట్టు ఆయన రేవు వైపు చెయ్యి చూపించాడు.

షెడ్డు వెనకే ఇల్లు. గుమ్మం మీద మరియమాత పటం, దాని కింద ఈస్టరు ముందు మట్టల ఆదివారం చర్చిలో ఇచ్చిన మట్ట, ఎండిపోయి. శౌరి భార్య లూర్దమ్మ చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని చూసి, “అయ్యో, చిన్నప్ప అన్నయ్యా! ఇన్నాళ్లకి దారి కనిపించిందా?” అంది. శౌరి ఇంజను ముందు కూర్చుని ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. తలెత్తి నన్ను చూసి, మళ్లీ ఇంజను వైపు తిరిగాడు.

“లూర్దూ, వచ్చినాయన్ని ఏం పనిమీదొచ్చాడో అడుగు.”

“నువ్వే అడుగు. నాకు పొయ్యి మీద కూరుంది” అని ఆవిడ హల్వా పుచ్చుకుంది కానీ, గుమ్మంలోంచి కదల్లేదు.

నిలబడే డైరీ తీసి ఆ ఆదివారం పేజీ చదివాను. ‘శౌరి చీటీలో బతికి ఉన్నవారు అనే రాశాడు. నేను పేజీ తప్పాను. అందరిముందు వాడిదే తప్పన్నాను.’ అంతే ఉంది. “క్షమించరా” అన్నాను.

శౌరి మసిగుడ్డతో చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు.

“లూర్దూ, చీటీ రాసింది నేను. అందులో ఏవుందో నాకు తెలీదా? నాకు చదివితే ఏం లాభం? ఎవరిముందు అన్నాడో వాళ్లముందు చదవమను.”

ఇది నేను అనుకోలేదు. దారిలో చెప్పేసి, సినిమా చూసి, చేతులు కలుపుకుని రావచ్చని నా లెక్క. సంఘమంతటి ముందు నిలబడి చదవడం ఆ లెక్కలో లేదు. అయినా అన్నాను. “సంఘం వాళ్లంతా ఇవాళ గుడివాడలో ఉంటారు. రా. అక్కడే చదువుతాను.”

వాడు లేచి లోపలికి వెళ్లిపోయాడు. ఇక అయిపోయిందనుకున్నాను. పది నిమిషాలకు ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని బయటికి వచ్చాడు. “లూర్దూ, అక్కడ చదవకపోతే నేను అట్నుంచటే వచ్చేస్తానని చెప్పు.”

“మీ ఇద్దరికీ మధ్య నేనెక్కడ గుడివాడ దాకా వస్తాను? దారిలో మీరే ఏడవండి” అంది లూర్దమ్మ.

9.15కి బయల్దేరాం. అవనిగడ్డలో విజయవాడ బస్సు పట్టుకుంటే పామర్రులో దిగి గుడివాడ మారవచ్చు. అలాంటి బస్సు 10.05కి దొరికింది. శౌరి నాకు రెండు సీట్లు ముందు కూర్చున్నాడు. చల్లపల్లిలో జనం తోసుకుని ఎక్కారు. చంటిపిల్లతో ఒకమ్మాయి నిలబడేసరికి కండక్టరు, “పెద్దాయనా, వెనక ఆయన పక్కన సర్దుకోండి, పాపతో ఉంది” అని శౌరిని లేపి నా పక్కకు పంపాడు. వాడు నాకు వీపు తిప్పి, నడవ వైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు.

కాసేపటికి జేబులోంచి జపమాల తీశాడు. పాతికేళ్ల వయసులో మేమిద్దరం ఏ ఊరు వెళ్లినా బస్సులో జపమాల చెప్పుకునేవాళ్లం. జపంలో మొదటి సగం ఒకరు చెప్తే, రెండో సగం ఇంకొకరు అందుకోవాలి. శౌరి మొదటి సగం మెల్లగా చెప్పి ఆగాడు. నా వైపు చూడలేదు. రెండో సగం తను చెప్పనూ లేదు, తర్వాతి పూసకు పోనూ లేదు. రెండో సగం నేను అందుకున్నాను. వాడు తర్వాతి పూస జరిపాడు. కూచిపూడి వచ్చేసరికి పదేసి పూసల వరసలు మూడు, పామర్రు పొలిమేరకు అయిదూ అయ్యాయి.

మా పక్క వరసలో చేపల మేత బస్తాల వ్యాపారి ఒకాయన ఇదంతా వింటున్నాడు. “ఏదన్నా పుణ్యక్షేత్రానికాండీ?” అని అడిగాడు.

“కాదండీ. గుడివాడ సినిమాకి” అన్నాడు శౌరి.

ఆయన జపమాల వంక ఒకసారి, మా ఇద్దరి వంక ఒకసారి చూశాడు.

పామర్రులో 11.30కి దిగి హోటల్లో భోజనం చేశాం. అరిటాకు, పప్పు, దొండకాయ వేపుడు, గోంగూర పచ్చడి, పెరుగు. పప్పూ వేపుడూ వేడిగా ఉన్నాయి, అన్నీ తాజాగా ఉన్నాయి. ఈ దారిన వచ్చేవారు పన్నెండుకు ముందే తినాలి, తర్వాత కూర్చోవడానికి చోటుండదు. నేను పచ్చడి వేయించుకుంటుంటే శౌరి వడ్డించేవాడితో, “ఆయనకి గోంగూర పడదు, మంట. పెరుగు వెయ్యి” అన్నాడు. నాతో మాత్రం అనలేదు.

1.10కి గుడివాడలో దిగాం. థియేటరు ముందు డప్పులు, నిలువెత్తు కటౌటు, గేటుకు హౌస్‌ఫుల్ బోర్డు. నిర్వాహకురాలు శ్రావణి అట, పాతికేళ్ల అమ్మాయి, మందుల షాపులో పనిచేస్తుంది. మెడలో సంఘం కార్డు వేసుకుని అందరినీ అదిలిస్తోంది.

“తాతగారూ, టికెట్లు పొద్దున్నే అయిపోయాయండి.”

“ఈయన శౌరయ్యగారమ్మా. బందరు సంఘం పాత అధ్యక్షుడు.”

ఆ అమ్మాయి కళ్లు పెద్దవి చేసింది. “శౌరయ్యగారంటే... హీరోకి పిండం పెట్టినాయనా? మాకు సంఘంలో చేరిన రోజే చెప్తారండి ఆ కథ!”

పాపం, ఏ దురుద్దేశంతోనూ అనలేదు. కానీ శౌరి మొహం మాడిపోయింది. వెనక్కి తిరిగి బస్టాండు వైపు నడిచాడు. నాలుగడుగులు పరుగెత్తి వాడి చెయ్యి పట్టుకున్నాను. అరవై తొమ్మిదేళ్ల వయసులో పరుగెత్తడం అదే మొదలు.

“ఆ పిండం పెట్టింది నేనమ్మా. మైకుందా?”

2.20కి తెర ముందు నిలబెట్టారు. కిందా పైనా ఒక్క సీటు ఖాళీ లేదు. డైరీలో పేజీ దొరకలేదు. ఈలోగా కేకలు మొదలయ్యాయి. “తాతా, సినిమా వెయ్యాలి!” “ఉపన్యాసం ఇంటర్వెల్లో!”

పేజీ దొరికింది. చదివాను. చివర్లో డైరీలో లేని మాట ఒకటి కలిపాను. “ముప్పై రెండేళ్లు శౌరయ్య నా తప్పు మోశాడు. దోషి వాడు కాదు, నేను.”

వెనక నుంచి ఎవరో, “తాతని బయటికి పంపండ్రా!” అన్నారు, అందరూ నవ్వారు. ముందు వరసలోంచి కోటేశ్వరరావు లేచాడు. శౌరిని దించాక అధ్యక్షుడైంది ఆయనే. నన్ను ఎగాదిగా చూసి, “మీ సంగతి తర్వాత చూస్తాను గుమాస్తాగారూ” అన్నాడు. నేరుగా గోడ పక్కన నిలబడి ఉన్న శౌరి దగ్గరికి వెళ్లాడు.

“బావా, ఆ రోజు నీ చేతిలోంచి సంఘం పుస్తకాలు లాక్కున్నది నేను. ఒక్క మాట అడగలేదు నిన్ను.”

“అడిగినా నువ్వు వినేవాడివి కాదులేరా” అన్నాడు శౌరి.

కోటేశ్వరరావు పాత అధ్యక్షుడని తన మెడలో వేసిన దండ తీసి శౌరికి వేశాడు. పాతవాళ్లు లేచారు. “ప్రెసిడెంట్! ప్రెసిడెంట్!” అని పై అంతస్తు నుంచి మొదలై కిందికి పాకింది. ఎవరి కోసమో తెలియని కుర్రకారు కూడా అరిచారు. శ్రావణి దిష్టి గుమ్మడికాయ తెచ్చి శౌరి చేతుల్లో పెట్టింది. వాడు ముందు సిలువ గుర్తు వేసుకుని, తర్వాత తలపైకి ఎత్తి ఒక్క దెబ్బకు పగలగొట్టాడు. మాకిద్దరికీ మొదటి వరస ముందు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు.

సినిమా గురించి ఎక్కువ రాయను. హీరో తెరమీదికి రాగానే కాగితపు ముక్కలు వానలా పడ్డాయి. శౌరి కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. కింద నేను ఆ కుర్చీ పట్టుకుని ఉన్నాను. ఆ రోజుల్లో నాలుగు రోజులాడిన సినిమాకు ప్రతి మాటకూ ఈలలే. నాకు ఈల వేయడం రాదు. ఒక చేత్తో కుర్చీ పట్టుకుని రెండో చేత్తో తొడ మీద చరిచాను.

5.25కి బయటపడ్డాం. బందరు ప్యాసింజరు 6.20 అన్నారు, 6.35కి కదిలింది. పెట్టె సగం ఖాళీగా ఉంది. నూజెళ్ల దాటకముందే శౌరి మొదలుపెట్టాడు. ఇంటర్వెల్ ముందు ఫైటు అలా తీసి ఉండకూడదట. పాటలో చొక్కా రంగు పాత ప్రింటులో ఇలా లేదట. గుడ్లవల్లేరులో ఎక్కిన ఒకాయన వేరే హీరో మనిషి, “అందుకే పోయిందండీ అప్పట్లో” అన్నాడు. “పోయింది అందుక్కాదు, ఇదిగో వీడి వల్ల!” అని శౌరి నన్ను చూపించి, మొత్తం కథ మొదటి నుంచి చెప్పాడు. కవుతారం, వడ్లమన్నాడు దాటినా కథ అవలేదు. ఆయన పెడనలో దిగుతూ నాకు నమస్కారం పెట్టాడు. అది జాలో, మర్యాదో తెలియలేదు.

దివిసీమ మీదుగా ఈ చుట్టు తిరగాలనుకునేవారికి ఒక రోజు చాలు. ఉదయం ఆరుకు బయల్దేరితే రాత్రి భోజనానికి ఇంటికి చేరవచ్చు. బస్సులు మారడం నాలుగుసార్లు, ఎక్కడా అరగంటకు మించి నిలబడలేదు. డెబ్బైకి దగ్గరపడిన నాకు నడుము నొప్పి కూడా రాలేదు. వెళ్లేటప్పుడు ఉన్న బరువు వచ్చేటప్పుడు లేదు, అందువల్ల కావచ్చు.

చిలకలపూడిలో బండి ఆగినప్పుడు శౌరి మాట్లాడ్డం ఆపి, కిటికీలోంచి బయటికి చూశాడు. నాగాయలంక వెళ్లే ఆఖరి బస్సు అప్పటికే వెళ్లిపోయిందని వాడికీ తెలుసు.

“రేపు మన గుళ్లో మొదటి పూజ ఎన్నింటికి?”

“ఆరున్నరకి.”

“అయితే అయిదింటికి లేపరా” అన్నాడు. “ముందు బల్ల మీద కూర్చోవాలి.”