గుండుసూది మీద నేరం

మా బావ దర్జీ. గుండుసూదులకు ఆయన ఏనాడూ డబ్బా వాడలేదు, నోరుంది కదా. పెదవుల ఎడమ మూల నాలుగైదు సూదులు బిగించి, కుడి మూల నుంచి కబుర్లు చెప్పేవాడు. సగం జనం ఆ కబుర్ల కోసమే మా కొట్టుకి వచ్చేవారు. సూదులు లేనప్పుడు ఆ పెదవుల మధ్య సిగరెట్ ఉండేది. ఆయన కొలతలు చెబుతుంటే మా అక్క రాసుకునేది. రెండో మిషన్ నాది. సూదుల అలవాటూ ఆయన దగ్గరే అబ్బింది.

ఒకసారి బావ నాలుక అంచున పుండు లేస్తే "సూది గుచ్చుకుందిరా" అన్నాడు. మానలేదు. "మళ్లీ అక్కడే గుచ్చుకుంది" అన్నాడు. దర్జీలం కదా, మాకది సబబుగానే తోచింది. తేనె రాయమని సలహా ఇచ్చింది నేనే. అలా రెండు నెలలు! తల్చుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్లు మండుతుంది. చివరికి మెడలో గోలీకాయంత గడ్డ తగిలాక, అక్క రెక్క పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్లింది. పుండులోంచి చిన్న ముక్క తీసి పరీక్షించారు. క్యాన్సర్.

"పాపం సూదిదేం లేదు. చాలావరకు మీ సిగరెట్లే. మూడు వారాలకీ మానని పుండుని వెంటనే చూపించాల్సింది" అంది డాక్టరమ్మ. నాలుకలో మూడోవంతు తీసి, ముంజేతి చర్మంతో అతుకు వేస్తామంది. మెడలో గడ్డలు తీసి, తర్వాత రేడియేషన్ ఇస్తామంది.

"పుండు మేరకే కత్తిరించండమ్మా. మాట పోయాక నేనెందుకు?"

"ఇస్త్రీపెట్టెకి గుడ్డ కాలితే మీరెంత కత్తిరిస్తారు?"

బావ తన చొక్కా అంచుని రెండు వేళ్లతో కొలిచాడు. "మంచి గుడ్డలోకి కాస్త వెళ్లి కత్తిరిస్తాం" అన్నాడు. సంతకం పెట్టాడు.

ఆపరేషన్ అయ్యాక రేడియేషన్ ఆరు వారాలు. నోరంతా పూసిపోయి మంచినీళ్లు కూడా మింగుడుపడలేదు. ముక్కులోంచి గొట్టం వేశారు. అక్క మీద కసురుకోబోయి, మాట రాక ఏడ్చాడు. తర్వాత మాటలు నేర్పే ఆవిడ ముందు కూర్చుని "ల, ర, ట" అని వల్లించాడు. "బావా, ఒకటో తరగతికి ఎప్పుడెళ్తావ్?" అంటే నన్ను కొట్టడానికి చెయ్యెత్తాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఏడు నెలలకు మళ్లీ కొట్టుకి వచ్చాడు. ఆయన మణికట్టుకు అక్క సూదులు గుచ్చుకునే చిన్న దిండు కట్టింది. నేను ఎప్పటిలాగే నోట్లో సూదులు పెట్టుకుని అంచు మడుస్తున్నాను. బావ వచ్చి నా గడ్డం కింద అరచెయ్యి పట్టాడు. ఒక్కొక్కటీ తీసి అందులో పెట్టాను.

"సూది తప్పు కాదన్నారుగా బావా!"

"కాదు" అన్నాడు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ. "నేనే... దాని మీదకి... నెట్టాను. నోరు తెరు."

ఫోను లైటు వేసి, నాలుక ఎత్తించి, రెండు వైపులా చూశాడు.

ఇప్పటికీ ప్రతి సోమవారం అలాగే చూస్తాడు. కొట్లో ఎవరున్నా సరే, నేను నోరు తెరుస్తాను.