చుక్కకో నరసింహుడు

నా భార్య తొలికాన్పప్పుడు కర్నూలు ఆసుపత్రిలో గ్లూకోసు సీసా కింద మూడు రోజులు రెప్ప వాల్చకుండా నిలబడ్డానని మా ఊళ్లో చెప్పుకుంటారు. వాళ్లకు చెప్పింది నేనే. నిజానికి ఒక్క పగలు. అదీ ముక్కాలి పీట మీద కూచుని.

పందొమ్మిది వందల యాభైల్లో ఒక ఎండాకాలం. ఎనిమిదో నెలలో ఆమెకు కాళ్లూ ముఖమూ పొంగాయి. తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు. డోన్‌లో రైలెక్కించి తీసుకుపోయాను. డాక్టరమ్మ రక్తపోటు చూసి, ఇది ముదిరితే మూర్ఛలొస్తాయని, తల్లీబిడ్డా దక్కరని చెప్పి, చేతికి సూది గుచ్చి గ్లూకోసు నీళ్లు పెట్టించింది.

మా వైపు నీరు పట్టిన చూలాలికి తాగే నీళ్లు కూడా అడిగినంత ఇవ్వరు. మా అత్తకు ఒళ్లు మండింది. "నీరు పట్టిందని తీసుకొస్తే మల్లా నీళ్లే ఎక్కిస్తాండారు. లేయ్ పాపా, ఇంటికి పోదాం."

అప్పుడు వాకిలికి అడ్డం నిలబడి ససేమిరా అన్నానని కూడా చెబుతుంటాను. నేను నిలబడింది వరండాలో, మందుల చీటీ పట్టుకుని. అన్నది నా భార్య.

"నేను రానుమా. బిడ్డనెత్తుకునే వస్తా. కావల్లంటే నువ్వు పో."

వార్డంతటికీ నర్సమ్మ ఒక్కతే. అందుకే కాపలా నాకప్పజెప్పింది. నాకు గడియారం లేదు. 'అహోబిల నారసింహా' అని నిదానంగా అనుకునేలోపు ఒక్క చుక్కే పడాలంది. ఎక్కువ పడితే పిలవాలి, రబ్బరు గొట్టం మీది మరను మాత్రం ముట్టకూడదు.

నేను బావి కింద సేద్యం చేసేవాణ్ణి. మడవ తీస్తే కాలువ నిండా నీళ్లు పారాలి. మధ్యాహ్నం దాకా నరసింహుణ్ణి తలిచినా సీసా సగం తగ్గలేదు. ఇట్లా రాలితే పైరెప్పుడు తడుస్తుంది? తొందరగా ఎక్కితే తొందరగా బాగవుతుందని, ఎవరూ చూడకుండా మర వదులు చేశాను. నీళ్లు ధారకట్టాయి. చూసి సంతోషపడ్డాను కూడా.

కాసేపటికి ఆమె దగ్గడం మొదలుపెట్టింది. పడుకోలేక లేచి కూచుంది. ఊపిరి అందడం లేదు. నర్సమ్మ కోసం పరుగెత్తాను. ఆమె వచ్చి మర బిగించి, వీపు వెనక దిండ్లు పెట్టి, డాక్టరమ్మను పిలిపించింది. ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందట. సూదిమందు వేశారు.

"మర ఎవురు తిప్పినారప్పా?" అంది నర్సమ్మ.

"అదే వదులైనట్టుండాదమ్మా."

నమ్మలేదు. అయినా వేరే మనిషి లేక మళ్లీ నన్నే కూచోబెట్టింది. ఈసారి రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. అత్త సంగటి తెచ్చినా లేవలేదు. పక్క మంచాలవాళ్లు నవ్వుతున్నా పైకే అంటూ పోయాను, చుక్కకొకసారి. పొద్దు వాలేసరికి నా గొంతు పోయింది, ఆమె ఊపిరి కుదుటపడింది.

నాలుగో రోజు ఆడపిల్ల పుట్టింది, గుప్పెడంత. ఇద్దరూ దక్కారు.

మర సంగతి ఆమెకు ఇన్నేళ్లూ చెప్పలేదు. ఇప్పుడిదంతా కాగితం మీద పెట్టాను. ఇది అచ్చయి, పక్కింటివాళ్ల నోట ఆమె వినకముందే నేనే చదివి వినిపించాలి. రేపు కాదు, ఇవాళే. బియ్యం చెరగడం అయిపోనీ, ఆమె చేట కింద పెట్టగానే మొదలుపెడతాను.