రణపాల ఆకు, రెండు పూటలు

చైతన్యపురి మెట్రో స్టేషన్ వెనక మూడో గల్లీలో ఆడపిల్లల హాస్టల్ ఒకటి ఉంది. నాలుగంతస్తులు, అరవై మంది పిల్లలు. వాళ్లకు మూడు పూటలా వండేది కిష్టమ్మ. పదహారేళ్లుగా ఆ పొయ్యి ఆమెదే.

పొద్దున అయిదున్నరకు ఆమె చంపాపేట్ నుంచి ఆటోలో వస్తుంది. వంటింట్లోకి పోయే ముందు మెట్లెక్కి డాబా మీదికి పోతుంది. నీళ్ల ట్యాంకు పక్కన, పగిలిన బకెట్లో రణపాల చెట్టు ఉంది. మందపాటి ఆకులు, అంచుల వెంట గాట్లు. ఆకు రాలి నేల మీద పడితే చాలు, ఆ గాట్లలోంచి పిల్లమొక్కలు వస్తాయి. కిష్టమ్మ ఒక ఆకు తుంచి, కొంగుకు తుడిచి, నములుతుంది. ఎనిమిదేళ్ల కింద కిడ్నీలో రాయి పడ్డప్పుడు ఎవరో చెప్పారు. రాయి పోయింది. ఆకు వల్ల పోయిందో తాగిన నీళ్ల వల్ల పోయిందో ఆమెకు తెలియదు. అలవాటు మాత్రం ఉండిపోయింది.

ఆకు పుల్లగా ఉంటుంది. చింతచిగురును గుర్తుకు తెచ్చే పులుపు. నిద్రమత్తు దానితోనే వదులుతుంది.

ఆ చెట్టును తెచ్చి పెట్టింది హాస్టల్ నడిపే విజయదుర్గ. భీమవరం వైపు మనిషి. ఆమెకూ రాయి ఉంది. ఆమె నిద్ర లేచేసరికి ఎనిమిదవుతుంది, లేవగానే కాఫీ కావాలి. అందుకని ఆమె ఆకు నమిలేది సాయంత్రం అయిదింటికి. ఆమె లెక్కలో ఆకుకు రుచే లేదు. దీని మీద ఇద్దరికీ ఎనిమిదేళ్ల తగువు.

"పచ్చిగడ్డిలా ఉంటే పులుపంటావేంటి కిష్టమ్మా?"

"గోంగూర తిని తిని మీ నాలుకలు మొద్దుబారినయమ్మా. మీ ఆంధ్రోళ్లకు ఇంక ఏది పుల్లగుంటది?"

"నీకో? పొద్దున లేస్తే కారం. నాలుక ఉందో కాలిపోయిందో ముందు చూసుకో."

ఇద్దరూ నవ్వుకునేవారు.

ఈ వానకాలంలో కిష్టమ్మకు జ్వరం వచ్చింది. అయిదు రోజులకు తగ్గింది. ఆరో రోజు ఇంట్లో టీ తాగితే వేడి తెలిసింది, తీపి తెలియలేదు. ఇంకో చెంచా చక్కెర వేసుకుంది. అదీ తెలియలేదు. దవాఖానలో డాక్టరు, జ్వరంతో పోయింది, మెల్లగా వస్తుంది, తొందరపడొద్దు అన్నాడు. 

ఆమె ఎవరికీ చెప్పలేదు. పదహారేళ్లు వండిన చేతికి కొలతలు తెలుసనుకుంది. మళ్లీ పనిలోకి వచ్చిన రెండో రోజు రాత్రి సాంబారులో ఉప్పు వేసింది. వేసిందో లేదో అనుమానం వచ్చి మళ్లీ వేసింది. పెద్ద బగోనెడు సాంబారు మోరీలో పోశారు. పిల్లలు పెరుగన్నం తిని పడుకున్నారు. ఆ పెరుగును విజయదుర్గే పోయి కొనుక్కొచ్చింది. అదే కిష్టమ్మకు ఎక్కువ బరువైంది.

ఇంట్లో భర్త సైదులును అడిగి చూసింది. అతను కొత్తపేట పండ్ల మార్కెట్‌లో హమాలీ. మార్కెట్ ఊరవతలికి పోయినప్పటి నుంచి చీకటితో పోయి అలసి వస్తాడు.

"ఉప్పు సరిపోయిందా?"

"అన్నమైతే ఉన్నది గదా."

అతనితో లాభం లేదనుకుంది. తన నాలుక సంగతి తనే చూసుకోవాలి. కూరతో చూసుకుంటే కుదరదు. కూరలో ఉప్పు వేసింది తనే. ఉందని తెలుసు గనక, ఉన్నట్టే అనిపిస్తుంది. ఎవరి చేయీ పడని రుచి కావాలి. రణపాల ఆకు అలాంటిది. అందులో ఎవరూ ఏమీ వేయలేదు.

రోజూ రెండుసార్లు డాబా ఎక్కసాగింది. పొద్దున టిఫిన్‌కు ముందు ఒకసారి, సాయంత్రం అయిదున్నరకు రాత్రి వంట మొదలుపెట్టే ముందు ఒకసారి. ఇరవై రెండు రోజులు ఆకు తడి కాగితంలా ఉంది. అన్నాళ్లూ ఉప్పు చేతి అంచనాతోనే వేసింది. ఇరవై మూడో రోజు పొద్దున నాలుక పక్కల జివ్వుమంది. కిష్టమ్మ ట్యాంకును పట్టుకుని కాసేపు నిలబడింది. ఇంకో ఆకు తుంచి నమిలింది. పులుపే. కిందికి దిగి ఆ రోజు ఉప్మాలో ఉప్పు నాలుకతో చూసి వేసింది.

ఆ సాయంత్రం మళ్లీ పైకి వెళ్లింది. ఆకు నమిలింది. ఏమీ లేదు.

మర్నాడు పొద్దున పులుపు. సాయంత్రం ఏమీ లేదు. ఆ తర్వాతా అంతే. కిష్టమ్మకు ఒకటే అర్థం తోచింది. నాలుక పొద్దున లేస్తున్నది, పొద్దుగూకేసరికి చచ్చిపోతున్నది. ముసురు పట్టిన రెండు రోజులు సాయంత్రం కూడా కొంచెం పులుపు తగిలింది. ఆశ పడింది. మూడో రోజు ఎండ కాసింది. పులుపు పోయింది.

దాంతో ఆమె రాత్రి వంటను నాలుకతో చూడడం మానేసింది. చిన్న చెంచా ఒకటి తెచ్చుకుని, కొలిచి, మోరీలో పోసిన సాంబారును తలచుకుని అందులోనూ కొంత తగ్గించి వేసేది. మధ్యాహ్నం పప్పు మెచ్చుకున్న పిల్లలే రాత్రి మొహాలు చిట్లించారు. "దవాఖాన కూర" అని పేరు పెట్టారు. కొందరు బయట నుంచి తెప్పించుకోవడం మొదలుపెట్టారు.

చివరికి విజయదుర్గ పిలిచింది. కిష్టమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. 

"పోనీ పొద్దున, మధ్యాహ్నం నువ్వే చెయ్యి. రాత్రికి సోమవారం నుంచి ఇంకొకావిడ వస్తుంది. నువ్వు బాధపడకు."

"ఎందుకు బాధపడత? మంచిదే అమ్మా."

ఆ శుక్రవారం సాయంత్రం కిష్టమ్మ అలవాటు కొద్దీ డాబా ఎక్కింది. ఆకు నమిలి ఉమ్మేసింది. తీగ మీద బట్టలు తీసుకుంటున్న అఖిల చూసింది. అఖిలది సూర్యాపేట. డాక్టరు సీటు కోసం రెండో ఏడు చదువుతున్నది.

"గట్ల ఊంచుతున్నవేంది పెద్దమ్మా? చేదా?"

"చేదైనా ఉంటే మంచిగుండేది. ఏం రుచి లేదు. జర నువ్వు నములు."

అఖిల బట్టలు భుజాన వేసుకుని ఒక ముక్క నమిలింది.

"ఎట్లుంది?"

"ఎట్లుంటది, ఆకు లెక్కుంది."

"పుల్లగ లేదా?"

"లేదు."

కిష్టమ్మ ఆ పిల్ల మొహంలోకి చూసింది. "నీక్కూడ జ్వరమొచ్చిందా ఏంది?"

"నాకెందుకొస్తది! ఎందుకడుగుతున్నవ్?"

కిష్టమ్మ చెప్పింది. పొద్దున పులుపు, సాయంత్రం ఏమీ లేకపోవడం, సోమవారం రాబోయే మనిషి. అఖిల నమలడం ఆపింది.

"పెద్దమ్మా, నీ నాలుక కాదు. ఆకే మారుతున్నది."

"ఆకెట్ల మారుతది?"

"గీ జాతి చెట్లు పగలు నోరు తెరువయి. తెరిస్తే ఎండకు నీళ్లు పోతయి. రాత్రి తెరిచి గాలి గుంజుకుంటయి. కానీ రాత్రి ఎండ లేదు గదా, ఎట్ల ఒండుకోవాలె? అందుకే ఆ గాలిని పులుపు చేసి ఆకుల దాస్తయి. తెల్లారినంక నోరు మూసుకొని, దాచిన పులుపును ఎండల ఒండుకుంటయి. సాయంత్రానికి పులుపంత ఖతం."

"ఒండితే ఏమైతది?"

"పిండి అయితది. ఆ పిండి గూడ ఊకనే ఉండదు. కొంత రాత్రికి కరుగుతది. మళ్ల పులుపు చెయ్యాలంటే అదే కావాలె."

కిష్టమ్మ ఆలోచించింది. "రాత్రి పులియబెట్టి, పొద్దుగాల ఇడ్లీ ఏసినట్టు."

"గట్లనే అనుకో."

"చదువుకున్నదానివి, నా మనసు కోసం చెప్తున్నవా?"

"నీ మనసు కోసం కథలు చెప్పుకుంట కూసోనీకి నాకు పరీక్ష లేదా పెద్దమ్మా!"

కిష్టమ్మ నవ్వలేదు. చెట్టు వైపు చూస్తూ మెల్లగా అడిగింది.

"ముసురు పట్టిన్నాడు సాయంత్రం గూడ జర పుల్లగుండె. అదెట్ల?"

అఖిల ఆకాశం వైపు చూసింది. ఆ ప్రశ్న ఆమె పుస్తకంలో లేదు.

"ఎండ లేదు గదా. సరిగ ఒండలే. మిగిలింది."

కిష్టమ్మ బకెట్ పక్కన కూర్చుంది. అఖిల చెప్పినదంతా ఒక ఎత్తు, ఈ ఒక్క మాట ఒక ఎత్తు. ఆ రెండు రోజుల పులుపును చూసింది తను. ఇంకెవరూ చూడలేదు. తను చూసినదానికి ఆ మాట సరిగ్గా అతికింది.

శనివారం పొద్దున అయిదున్నరకు అఖిల విజయదుర్గను లేపి డాబా మీదికి తీసుకొచ్చింది. విజయదుర్గ శాలువా కప్పుకుని విసుక్కుంటూ వచ్చింది. కిష్టమ్మ ఇద్దరికీ తలా ఒక ఆకు ఇచ్చి, తనూ ఒకటి తుంచుకుంది. ఎల్బీనగర్ వైపు ఆకాశం అప్పుడే తెల్లబడుతున్నది.

విజయదుర్గ నమిలింది. కళ్లు మూసుకుపోయాయి.

"అబ్బా! ఇంత పులుపేంటే తల్లీ!"

"చూసిన్రా అమ్మా! మీ నాలుక మంచిదే. నేనే ఊకె అన్న."

"ఎనిమిదేళ్లు గోంగూరని ఆడిపోసుకున్నావు కదే." విజయదుర్గ ఇంకో ముక్క కొరికింది. తర్వాత కిష్టమ్మ వైపు తిరిగింది. "అయితే నీ నాలుకకేం లేదన్నమాట. ఆవిడని వద్దని చెప్పెయ్యనా?"

"ఇప్పుడే చెప్పకుండ్రి. సాయంత్రం చూసి చెప్త."

ఆ సాయంత్రం ఆమె డాబా ఎక్కలేదు. పచ్చిపులుసు చేసింది. చింతపండు నానబెట్టి పిసికింది. ఉల్లిగడ్డ తరిగి, పచ్చిమిరపకాయలు కాల్చి నలిపింది. పోపు పెట్టింది. కొలిచే చెంచా ఉప్పు డబ్బా పక్కనే ఉంది. ముట్టుకోలేదు. ఉప్పు చేత్తో తీసి వేసింది.

విజయదుర్గ వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది.

కిష్టమ్మ గంటెతో కొంచెం తీసి అరచేతిలో పోసుకుని నాలుక మీద వేసుకుంది. మింగకుండా ఆగింది. చింతపండు తెలిసింది. మిరపకాయ వెనక నుంచి వచ్చింది. ఇంకొకటి తెలియాల్సి ఉంది, దానికోసం చూసింది. అది రావలసినంత రాలేదు.

ఇంకోసారి పోసుకుని చూసింది. ఈసారి మింగింది.

"ఉప్పు తక్కువున్నది," అంది.

డబ్బాలో చేయి పెట్టి ఇంకొంత తీసి వేసి, కలిపి, మళ్లీ చూసింది.

"ఇప్పుడు సరిపోయింది. ఆమెకు ఫోన్ చెయ్యండమ్మా, రావొద్దని."